మిరప కల్లంలో కొత్త కెమెరా

చి॥ అమ్ములుకి,

నీ ఉత్తరం, దాంతో పంపిన ప్రశ్నల చిట్టా అందాయి. బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ సినిమా కెమెరా 6కె ప్రో సెకండ్ హ్యాండ్‌లో కొన్నావని, వచ్చే మార్చిలో మన ఊరి కల్లాల్లోనే షూటింగ్ పెట్టుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. తాలుకాయలు ఏరే ఆడవాళ్ల కథ తీయాలనుకోవడం ఇంకా నచ్చింది. వాళ్ల మధ్యే పెరిగినదానివి, వాళ్లని ఎలా చూడాలో నీకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. కెమెరా సంగతులు మాత్రం నాకు తెలిసినంత చెబుతాను.

ఐఎస్‌ఓ ఎంత పెట్టాలి, ఏ కంప్రెషన్ వాడాలి, వైట్ బ్యాలెన్స్ ఎంత, ట్యూబ్‌లైట్ కింద గీతలెందుకు వస్తున్నాయి, స్లో మోషన్ పెట్టగానే బొమ్మ జూమ్ అయినట్టు ఎందుకవుతోంది... అన్నీ ఒకే వరసలో రాశావు. వాటిని నేను రెండుగా విడదీసుకున్నాను. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని మార్చుకోగలిగినవి కొన్ని. షాట్ ఓకే అన్నాక దేవుడు దిగివచ్చినా మార్చలేనివి కొన్ని. లొకేషన్‌లో నీ ధ్యాసంతా ఈ రెండో రకం మీదే ఉండాలి. కొత్త కెమెరా చేతికొచ్చిన పిల్లలు మెనూలు తిప్పుకుంటూ మొదటి రకం మీద పొద్దంతా గడిపేస్తారు. అటు ఎండ మారిపోతుంది, ఇటు కూలికి వచ్చినవాళ్లు లేచి వెళ్లిపోతారు.

ఐఎస్‌ఓతో మొదలుపెడతాను, అది రెండు రకాల్లోకీ వస్తుంది కాబట్టి. నీ సెన్సర్‌కి సహజమైన ఐఎస్‌ఓలు రెండు, 400 ఒకటి, 3200 ఒకటి. మెనూలో 100 నుంచి 1000 దాకా ఏది పెట్టినా లోపల పనిచేసేది 400దే. 1250 నుంచి 25,600 దాకా 3200ది. బ్లాక్‌మ్యాజిక్ రాలో తీసినప్పుడు ఒక వర్గం లోపల ఐఎస్‌ఓని డావిన్సీ రిజాల్వ్‌లో ఎంతకైనా మార్చుకోవచ్చు. ఒక వర్గంలో తీసినదాన్ని రెండో వర్గంలోకి మార్చడం మాత్రం కుదరదు. కాబట్టి లొకేషన్‌లో నువ్వు తేల్చుకోవాల్సింది 1000కి ఇవతలా, 1250కి అవతలా అన్నదొక్కటే. పగలంతా ఇవతల, రాత్రి ఇంట్లో సీన్లకి అవతల.

ఎండ బాగా ఉంటే 100కి దించుతానని రాశావు. దించకు. 100 పెట్టినంత మాత్రాన సెన్సర్ చురుకు తగ్గదు. తెరమీద బొమ్మ చీకటిగా కనబడి నువ్వు లెన్స్ ఇంకో రెండు స్టాప్‌లు తెరుస్తావు, అంతే జరిగేది. ఆ రెండు స్టాప్‌లూ తెలుపు వైపు నుంచి కోసుకుపోతాయి. కల్లంలో తెలుపుకి కొదవేముంది? తలగుడ్డలు, పరిచిన పట్టాలు, పైన మార్చి ఆకాశం. అవి ఒకసారి పూర్తిగా తెల్లబోయాయంటే ఏ రా ఫైలూ వాటిని తిరిగి తేలేదు.

400 మీదే ఉండి కెమెరాలో ఉన్న ఎన్‌డీ ఫిల్టర్లు వాడుకో. 2, 4, 6 స్టాప్‌ల ఫిల్టర్లు లోపలే ఉండటం ఈ ప్రో మోడల్‌కున్న పెద్ద వరం. మేం నేర్చుకున్న ఎండ లెక్క ఇప్పటికీ మారలేదు. నిండు ఎండలో ఐఎస్‌ఓ 400కి, సెకనులో 400వ వంతు షట్టర్‌కి ఎఫ్ 16. నీ షట్టర్ 50వ వంతు, అంటే మూడు స్టాప్‌లు ఎక్కువ వెలుతురు పడుతుంది. ఎఫ్ 45 దాకా మూయాల్సి వస్తుంది, అది మామూలు లెన్స్‌లో ఉండదు. 6 స్టాప్‌ల ఎన్‌డీ వేశావంటే సరిగ్గా ఎఫ్ 5.6కి దిగుతుంది. ముఖం స్పష్టంగా, వెనక మిరప రాశులు కాస్త మెత్తగా ఉండటానికి ఆ ఎఫ్ 5.6 చాలు. ఫోకస్ చూసుకునే మనిషికీ ప్రాణం హాయిగా ఉంటుంది.

ఇక అసలు విషయం, ముఖాలు. ఎఫ్1 బొత్తానికి ఫాల్స్ కలర్ పెట్టుకో. బొమ్మలో ఏ భాగం ఎంత వెలుతురులో ఉందో రంగుల్లో చూపిస్తుంది. నలుపు మునిగిపోయినచోట ఊదా, తెలుపు తేలిపోయినచోట ఎరుపు, నడిమి గ్రేకి ఆకుపచ్చ, దానికి ఒక స్టాప్ పైన గులాబీ. నెట్‌లో వీడియోలు చూసి ముఖం గులాబీలోకి రావాలని రాసుకున్నావు. ఆ గులాబీ తెల్లటి చర్మానికి పెట్టిన గుర్తు. కాస్త నల్లటి చర్మానికి ఆకుపచ్చ సరిగ్గా సరిపోతుందని కంపెనీ ఇచ్చిన మాన్యువల్‌లోనే ఉంది. పొద్దుటి నుంచి ఎండలో కూర్చుని కాయలేరే మనిషి బుగ్గని గులాబీ దాకా లాగితే చెమట మెరుపు, ముక్కుపుడక, తలగుడ్డ అంచు అన్నీ తేలిపోతాయి. ముఖంలో ఎండ పడే వైపు ఆకుపచ్చలో పెట్టి, నీడ వైపు దానికి రెండు స్టాప్‌లు కిందికి పోయినా బెంగపడకు. మనవాళ్ల చర్మం ఆ నీడలోనే నిగనిగలాడుతుంది. చామనఛాయ మనుషుల్ని తెల్లగా చూపించాలన్న పిచ్చి మన సినిమాని చాలాకాలం పట్టి పీడించింది. నీ సినిమాలోకి దాన్ని అడుగు పెట్టనివ్వకు.

ఎరుపు గురించి నువ్వు అడగలేదు. నీకు రాబోయే పెద్ద చిక్కు మాత్రం అదే. ఎండలో ఆరబోసిన తేజ రకం కాయల రాశిని, మామూలు తెర రంగుల్లోకి మార్చే లట్ వేసి చూడు. కాయకీ కాయకీ తేడా తెలియకుండా ఎర్రటి ముద్దలా కనిపిస్తుంది. ఫాల్స్ కలర్ అక్కడ ఏ ప్రమాదమూ చూపించదు, అది లెక్కగట్టేది మొత్తం వెలుతురుని గాని విడివిడి రంగుల్ని కాదు. రిజాల్వ్‌లో పెరేడ్ స్కోప్ తెరిస్తే సంగతి తెలుస్తుంది. ఆకుపచ్చ, నీలం కింద పడి ఉంటాయి, ఎరుపు ఒక్కటే పైకి వెళ్లి కప్పుకి అంటుకుని ఉంటుంది. చాలాసార్లు వివరం రా ఫైల్లో భద్రంగానే ఉంటుంది, మామూలు తెర రంగుల్లోకి దించేటప్పుడు నలిగిపోతుంది. సాచురేషన్ తగ్గించి, ఎరుపుని విడిగా కిందికి దించితే తొడిమలు, ముడతలు, కాయ మీది మెరుపు మళ్లీ విచ్చుకుంటాయి. ఒక్కోసారి నిజంగానే పోయి ఉంటుంది కూడా. అందుకని రాశి ఫ్రేమ్ నిండా ఉండే షాట్లని అర స్టాప్ తగ్గించి ఇంకో టేక్ తీసుకో.

ఆ ఎరుపు నేలమీదే ఆగదమ్మా. రాశి మీద పడిన ఎండ పైకి కొట్టి, వంగి ఏరుతున్న మనిషి గడ్డం కిందా, చెంపలకీ ఎర్రగా అంటుకుంటుంది. వైట్ బ్యాలెన్స్ తిప్పి దాన్ని తీద్దామనుకుంటే తలగుడ్డ నీలంగా మారుతుంది తప్ప ఆ ఎరుపు పోదు. క్లోజప్ తీసేటప్పుడు ఫ్రేమ్ బయట, ఆమె ముందు ఒక తెల్ల దుప్పటి పరిస్తే శుభ్రమైన వెలుతురు పైకి వస్తుంది. నల్ల గుడ్డ పరిస్తే కింది వెలుతురు మొత్తం పోయి ముఖం గంభీరంగా ఉంటుంది. కొన్ని షాట్లలో మాత్రం ఏమీ పరచకు, నా మాట విను. రోజంతా ఆ ఎరుపులో కూర్చునే మనుషులు వాళ్లు. ఆ రంగు వాళ్ల ముఖాల మీద ఉండటం అబద్ధం కాదు.

వైట్ బ్యాలెన్స్ సంగతి అక్కడితో సరి. పగలు 5600 పెట్టి వదిలెయ్, రాలో తర్వాత మారుతుంది. ప్రోరెస్‌లో తీస్తే మాత్రం ఫైల్లోనే ముద్రపడిపోతుంది కాబట్టి ఈ సినిమాకి ప్రోరెస్ జోలికి పోకు. ఒకే గదిలో ఒక పక్క ట్యూబ్‌లైటు, ఇంకో పక్క పసుపు బల్బు వెలిగితే ఏ ఫార్మాట్ వాడినా తిప్పలే. రెంట్లో ఒకటి ఆర్పెయ్.

ట్యూబ్‌లైట్ కింద గీతలు, మినుకులు వస్తున్నాయన్నావు. ఇది రెండో రకం, మార్చలేనిది, జాగ్రత్తగా చదువు. మన కరెంటు 50 హెర్ట్జ్. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్లూ, చవక ఎల్‌ఈడీ బల్బులూ సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. మన కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. 24 ఫ్రేములకి అందరూ చెప్పే 180 డిగ్రీల షట్టర్ పెడితే అది సెకనులో 48వ వంతు. 100తో దానికి పొంతన కుదరదు, ఒక్కో ఫ్రేముకి ఒక్కో పాలు వెలుతురు పడుతుంది. 172.8 డిగ్రీలు పెట్టు. అప్పుడు సరిగ్గా 50వ వంతు అవుతుంది, ప్రతి ఫ్రేములోనూ నిండుగా రెండు వెలుగులు పడి బొమ్మ నిలుస్తుంది. కదలికలో తేడా ఎవరికీ తెలియదు. అందుకని పగలూ రాత్రీ ఆ అంకె మీదే ఉంచేయమంటాను. సెటప్ మెనూలో కరెంటు ఫ్రీక్వెన్సీ 50 అని పెడితే కెమెరానే మినుకు రాని షట్టర్ విలువలు సూచిస్తుంది. 60 హెర్ట్జ్ దేశాలవాళ్లు చేసిన వీడియోల్లో చెప్పే అంకెలు మనకి పనికిరావు. కొన్ని ఎల్‌ఈడీలు ఈ లెక్కకీ లొంగవు. అలాంటి బల్బు కనబడితే మార్చేయడమే మందు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద వెలిగేటప్పుడు ఎలా ఉందో కూడా విడిగా ఒకసారి చూసుకో.

స్లో మోషన్‌లో బొమ్మ జూమ్ అవడం కెమెరా లోపం కాదు. నిండు 6కె ఫ్రేములో అది సెకనుకి 50 ఫ్రేముల దాకానే తీస్తుంది. 120 కావాలంటే సెన్సర్ నడిమధ్య 2.8కె ముక్కని మాత్రమే వాడుకుంటుంది. వెడల్పులో అది సగం కూడా ఉండదు, నీ 18 ఎం.ఎం. లెన్స్ 38 ఎం.ఎం. లెన్స్‌లా చూస్తుంది. టిక్కీ (మిరప బస్తా) విప్పి కాయలు కుమ్మరించే షాట్‌కి 50 ఫ్రేములు చాలు, సగానికి సగం నెమ్మదిస్తుంది. 180 డిగ్రీలు పెట్టుకుంటే 100వ వంతు అవుతుంది కాబట్టి లైట్ల కింద కూడా మినుకు రాదు. 120 మీద అంత మోజుంటే ఎండలో తీసుకో, ట్యూబ్‌లైట్ కింద ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

కంప్రెషన్ గురించి పెద్ద చర్చ అక్కర్లేదు. 8:1 పెట్టు. 30 ఫ్రేములకి కంపెనీ చెప్పే లెక్క సెకనుకి 121 మెగాబైట్లు. నీ 24 ఫ్రేములకి నిమిషానికి ఆరు గిగాబైట్ల లోపే వస్తుంది, ఒక టెరాబైట్ ఎస్‌ఎస్‌డీలో రెండుముప్పావు గంటలు పడుతుంది. 3:1 పెడితే అదే డిస్క్ గంట పైచిలుకుకే నిండిపోతుంది. రాశుల వైడ్ షాట్లలో సన్నటి వివరం ఫ్రేమ్ నిండా ఉంటుంది కాబట్టి వాటికి 5:1 పెట్టుకో. మా రోజుల్లో 400 అడుగుల ఫిల్మ్ మ్యాగజైన్ నాలుగున్నర నిమిషాలు కూడా వచ్చేది కాదు, అందుకే రిహార్సల్ అంతా ముందే అయిపోయేది. డిస్క్ ఉంది కదా అని తిప్పుతూ పోతే రాత్రి కూర్చుని చూడాల్సిందీ కాపీ చేయాల్సిందీ నువ్వే.

ఫోకస్ విషయంలో ఈ కెమెరా నీకు ఏ సాయమూ చేయదని ముందే అనుకో. బొత్తాం నొక్కితే ఒకసారి పట్టుకుంటుంది గాని, నడిచే మనిషిని వెంబడించే ఆటోఫోకస్ ఇందులో లేదు. సెన్సర్‌ని కదిలించి చేతి వణుకుని ఆపే ఏర్పాటూ లేదు. ఫోకస్‌లో ఉన్న అంచుల్ని మెరిపించే పీకింగ్ పెట్టుకుంటానన్నావు. మిరప రాశి మీద అది నిన్ను నిలువునా మోసం చేస్తుంది. వేల అంచులు ఒకేసారి మెరుస్తుంటే ముఖం ఫోకస్‌లో ఉందో లేదో ఏం తెలుస్తుంది? తెరమీద రెండుసార్లు తట్టి, కంటిని పెద్దది చేసి చూడు. మనిషి నడిచే చోట్ల సుద్దతో గుర్తులు పెట్టి, టేపుతో దూరం కొలిచి, ఫోకస్ తిప్పడానికి ఒక కుర్రాణ్ణి తయారు చెయ్. నాలుగు రోజులు సాధన చేస్తే పట్టుబడుతుంది. చేతిలో పట్టుకుని తిరగాలన్న సరదా తగ్గించుకో, మంచి ట్రైపాడ్ అద్దెకి తీసుకో. కూర్చుని పనిచేసే మనుషుల్ని కదలని కెమెరా చాలా బాగా చూస్తుంది.

ఎండ, దుమ్ము. కంపెనీ చెప్పిన హద్దు 40 డిగ్రీలు. మార్చి నెలాఖరుకి మన వైపు ఎండ ఆ దరిదాపుల్లోకి వస్తుంది, రేకుల షెడ్డు కింద, నల్లటి కెమెరా ఒంటి మీద సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున సూర్యోదయం నుంచి పదింటి దాకా, మళ్లీ నాలుగు తర్వాత తియ్. వెలుతురు కూడా అప్పుడే బాగుంటుంది. మధ్యలో తీయాల్సి వస్తే కెమెరాకి ఒక పెద్ద గొడుగు, దాన్ని పట్టడానికి ఒక మనిషి ఉండాలి. గుడ్డ కప్పితే గాలి లాగే రంధ్రాలు మూసుకుపోతాయి, అది చేయకు. లోపల ఫ్యాన్ ఉంది, అది గాలితోపాటు మిరప పొట్టునీ లాగుతుంది, ఈ ఒంటికి దుమ్ముని ఆపే సీళ్లు లేవు. కాబట్టి కల్లంలో లెన్స్ మార్చొద్దు. సిగ్మా 18-35 లాంటి జూమ్ ఒకటి బిగించుకుని రోజంతా దాంతోనే తియ్. మార్చక తప్పకపోతే గదిలోకి వెళ్లి, కెమెరా ఆపి, నోరు కిందికి ఉండేలా పట్టుకుని మార్చు. రోజూ రాత్రి బ్లోయర్‌తో ఊదు, బయటివైపు మెత్తటి బ్రష్‌తో దులుపు. ఘాటుకి నీకూ కుర్రాళ్లకీ దగ్గు ముంచుకొస్తుంది, మాస్కులు మర్చిపోకు. బ్యాటరీ ఒకటి గంట వస్తుందని కంపెనీ మాట. దాన్ని నమ్ముకోకుండా అరడజను దగ్గర పెట్టుకో.

డిస్క్‌ల దగ్గర మాత్రం ఎంత చాదస్తం చూపించినా తక్కువే. కెమెరాలోనే ఫార్మాట్ చేసుకో. విండోస్ ల్యాప్‌టాప్ కాబట్టి నీకు ఎక్స్‌ఫ్యాట్ తప్పదు. రికార్డింగ్ నడుస్తుండగా బ్యాటరీ ఊడినా, యూఎస్‌బీ తీగ కదిలినా ఆ క్లిప్ పాడయ్యే అవకాశం అందులో ఎక్కువ. తీగ కదలకుండా పట్టే క్లాంప్ దొరుకుతుంది, కొనుక్కో. ఫ్రేములు జారిపోతే రికార్డింగ్ ఆగిపోయేలా ఒక సెట్టింగ్ ఉంది, ఆన్ చెయ్. లేకపోతే ఎడిటింగ్ టేబుల్ దాకా నీకు తెలియదు. ఆ రోజు తీసింది ఆ రాత్రే రెండు డిస్కుల్లోకి ఎక్కించి, ఒకటి మీ ఇంట్లో, ఒకటి వేరే ఇంట్లో పెట్టు. ఫైల్ సైజు సరిపోయిందని కెమెరా ఎస్‌ఎస్‌డీని తుడిచేయకు. ప్రతి క్లిప్పునీ రిజాల్వ్‌లో తెరిచి, మొదలూ చివరా ఆడించి చూశాకే ఫార్మాట్. నిద్ర వస్తోంటే పొద్దున చెయ్.

ధ్వని తర్వాత డబ్బింగ్‌లో చూసుకుందామని మన సినిమా అలవాటు. నీ కథకి అది సరిపడదు. ఆ ఆడవాళ్ల మాట, మధ్యలో దగ్గు, కాయలు గలగలలాడే చప్పుడు ఏ థియేటర్‌లోనూ మళ్లీ పుట్టవు. కెమెరాకి రెండు మినీ ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లున్నాయి, 48 వోల్టుల ఫాంటమ్ కరెంటూ ఇస్తాయి. ఒకదానికి బూమ్ మైక్ తగిలించు, దాన్ని పట్టే మనిషిని ఫోకస్ కుర్రాడంత జాగ్రత్తగా ఎంచుకో. విడి రికార్డర్ కూడా పెడితే క్లాప్ కొట్టడం మానకు.

సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు కాబట్టి ఒక మాట. ఈ కెమెరా కొత్తగా కొన్నవాళ్లకి రిజాల్వ్ స్టూడియో లైసెన్స్ కీ కూడా ఇస్తారు. అమ్మినాయన దాన్ని నీకిచ్చాడో లేదో, ఇస్తే పనిచేస్తుందో లేదో ఇప్పుడే చూసుకో. లేకపోయినా ఉచిత వెర్షన్‌లో ఈ రా ఫైళ్లు తెరుచుకుంటాయి, అల్ట్రా హెచ్‌డీ దాకా బయటికి తీయొచ్చు. మూత పెట్టి ఒకసారి పిక్సెల్ రీమ్యాప్ చెయ్, సెన్సర్‌లో మెరిసే చుక్కలేమన్నా ఉంటే పోతాయి. ఫర్మ్‌వేర్ ఏదైనా మార్చుకోవాలంటే షూటింగ్‌కి చాలా ముందే కానిచ్చెయ్, షెడ్యూల్ మధ్యలో చేయి పెట్టకు.

చిన్న కెమెరాతో పెద్ద తెరకి తీయడమేమిటని మీ నాన్న అన్నాడట. 2011లో రామ్‌గోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ అయిదు రోజుల్లో కానన్ 5డి కెమెరాలతో తీశాడని చెప్పు. నీ చేతిలో ఉన్నది దానికంటే ఎంతో మెరుగైన యంత్రం. మార్కస్ బార్ట్‌లే ‘మాయాబజార్’ (1957)కి కెమెరా పట్టిన కాలంలో ల్యాబ్ నుంచి ప్రింట్ వచ్చేదాకా షాట్ ఎలా వచ్చిందో తెలిసే దారే లేదు. అందుకే ఆ తరం వాళ్లు ముందు పరీక్షలు తీసి, ఏ వెలుతురుకి ఏ ఫలితమో మనసులో ఉంచుకుని సెట్‌కి వచ్చేవారు. నీకు తెర ఉంది కదా అని ఆ పరీక్ష మానొద్దు. అయిదంగుళాల తెర ఎండలో నీకు చూపించేది కొంతే.

ఆ పరీక్ష ఎలాగో రాస్తున్నాను. మన పెద్దమ్మని బతిమాలి, తెల్ల తలగుడ్డతో కల్లంలో రాశి పక్కన కూర్చోబెట్టు. పొద్దున ఎనిమిదికి, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం అయిదుకి తియ్. ప్రతిసారీ ముఖం ఆకుపచ్చలో పెట్టి ఒక షాట్, అక్కడి నుంచి ఒకటి, రెండు స్టాప్‌లు పైకి, ఒకటి, రెండు కిందికి. రాశి మీద విడిగా అదే వరస. ఏది ఏ అంకెలో తీశావో పలక మీద రాసి ఫ్రేములో పెట్టు, లేకపోతే రేపు ఏది ఏదో తెలియదు. రాత్రి వాళ్లింట్లో ట్యూబ్‌లైట్ కింద 180 డిగ్రీలతో ఒకటి, 172.8తో ఒకటి, ఐఎస్‌ఓ 1000లో ఒకటి, 1250లో ఒకటి. చీకటి మూలల్లో గింజ (నాయిస్) ఎంత లేస్తోందో అక్కడ తెలిసిపోతుంది.

అవి నాకు వాట్సాప్‌లో పంపకు, అది బొమ్మని నలిపేస్తుంది, నేను చెప్పగలిగేది ఏమీ మిగలదు. ముందు నీ దగ్గర ఒక కాపీ పెట్టుకుని, ఇంకో కాపీ చిన్న డిస్కులో వేసి ఆర్టీసీ కార్గోలో హైదరాబాద్ పంపు. ఇక్కడ సినిమాకి రంగులు దిద్దే డీఐ కుర్రాడొకడు నాకు తెలిసినవాడు ఉన్నాడు, పెద్ద తెరమీద వేసి చూపిస్తానన్నాడు. వీలైతే డిస్కుతో పాటు నువ్వే వచ్చెయ్. మీ అత్త అడగమంది.

ఆశీస్సులతో,
మీ మామయ్య